బతికున్న బావకు దినాల బట్టలు

మా పెద్దబావను నేను ఒక్క ఏడాదిలో పధ్నాలుగు సార్లు చంపాను. అసలు పుట్టనే పుట్టని చిన్నబావను ఇంకోసారి. ఇందుకు నాకు ఏ శిక్షా పడలేదు. పైగా, అందరికంటే తొందరగా పని ముగించేది మీరేనంటూ పువ్వుల బొమ్మలతో ఫోనుకు మెసేజీలు వచ్చాయి. ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు, "ఆంటీ, ఒక్క దినంల నాలుగు షాపులు ఎట్ల చేసేటోల్లు?" అని. చెబుతాను. కానీ చివరిదాకా వినాలి. సగంలో లేచిపోతే మీ ఇంట్లో బావలకు మంచిది కాదు.

తెలియనివాళ్ల కోసం పని ఏమిటో ముందు చెప్పేస్తాను. గిరాకీలాగా వేషం కట్టి ఒక కంపెనీ బట్టల దుకాణాలకు పోవాలి. చివరిదాకా నవ్వుతూ మాట్లాడారా, మంచినీళ్లు ఇచ్చారా, ట్రయల్ రూంలో అద్దం తుడిచారా, ఇంకో వస్తువు చూపించారా, పోయేటప్పుడు 'మళ్ళీ రండి' అన్నారా, ఇవన్నీ చూసుకుని వచ్చి ఫారం నింపాలి. మిస్టరీ షాపర్ అంటారు. పని రోజూ ఉండదు, మూడు నెలలకోసారి వస్తుంది. మా అత్తగారు ఇదే పని చుట్టాల ఇళ్లలో జీవితాంతం ఉచితంగా చేసింది. ఆమెకు ఫారం లేదు, అంతే తేడా.

నేను అంతకుముందు పద్దెనిమిదేళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కౌంటర్ వెనక నిలబడ్డాను. మోకాళ్లు అరిగాయి. ఇక నిలబడే పని వద్దని దవాఖానలో చెప్పేశారు. సరే, కౌంటర్‌కు ఇవతలి పక్క కుర్చీ ఉంటుంది కదా అని ఇటు వచ్చాను. నా పెట్టుబడి నా మొహమే. యాభై దాటిన ఆడమనిషి, చేతిలో బట్ట సంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. నన్ను ఎవరూ రెండోసారి చూడరు, చూసినా గుర్తుపెట్టుకోరు. దీని గురించి నాకు చాలా గర్వంగా ఉండేది.

షాపులో ఉన్నంతసేపూ కాగితం, కలం బయటికి తీయకూడదు. అందుకు నేనొక ఉపాయం చేశాను. తప్పు కనిపించినప్పుడల్లా కొంగు చివర ఒక చిన్న ముడి వేసేదాన్ని. బస్సెక్కాక ఒక్కో ముడి విప్పుకుంటూ, ఒక్కో తప్పు గుర్తుచేసుకుంటూ ఫోనులో ఫారం నింపేదాన్ని. దిగే స్టాపు వచ్చేసరికి కొంగు సాఫు, రిపోర్టు పంపుడు అయిపోయేది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా కథతో వచ్చింది. ప్రతి గిరాకీకీ ఒక కథ ఉండాలి కదా, ఎందుకు కొంటున్నారని అడుగుతారు. 'శుభకార్యానికి కొంటున్నామని చెప్పాలి' అని మాకు పనిచ్చే ఆఫీసువాళ్లు రాసిచ్చారు. అది రాసినవాళ్లు ఎన్నడూ మన దగ్గర చీరల దుకాణానికి పోయి ఉండరు. కూతురి పెళ్లి అన్నామా, ఇక అయిపోయాం. పరుపు మీద కూర్చోబెడతారు, కూల్‌డ్రింకు తెస్తారు, వంద చీరలు విప్పి మీద పోస్తారు. అల్లుడు ఏం చేస్తాడు, కట్నం మాట ఏమైంది, ఫంక్షన్ హాలు దొరికిందా... నాకు లేని కూతురికి లేని అల్లుణ్ణి వెతికి, ఉద్యోగం వేయించి, హాలు మాట్లాడి బయటపడేసరికి రెండు గంటలు. రోజుకు ఒకటిన్నర షాపు కూడా తెమిలేది కాదు.

నాతోపాటు ఇదే పని చేసే ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టరు ఉండేవాడు. ఆయనకు అది హాయి. పొద్దున ఒక షాపులో కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళకు లేచేవాడు. బట్టల రంగులు చూస్తూ ఆ సేల్స్‌మన్‌కు నీలంలో ఎన్ని రకాలో పాఠం చెప్పి వచ్చేవాడు. ఆయన రిపోర్టులు ఉత్తరాల్లా ఉండేవి. "మీరు షాపుకు పోతున్నరా, సంబంధం జూడనీకి పోతున్నరా?" అని వెక్కిరించేదాన్ని.

ఒకరోజు బడంగ్‌పేట్‌లో మా ఇంటికి దగ్గరి షాపుకే పోయాను. మోకాలు సలుపుతోంది. సేల్స్‌మన్ పెళ్లి చీరల వైపు లాక్కుపోతుంటే విసుగొచ్చి, "పెండ్లికి కాదయ్యా, దినాలకు" అనేశాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట! దినాలంటే మీకు తెలుసు కదా, మనిషి పోయిన పదో రోజునో పదకొండో రోజునో పుట్టింటివాళ్లు బట్టలు పట్టుకుపోయి పెడతారు. అబ్బాయి టక్కున ఆగిపోయాడు. అల్లుడి ఉద్యోగం అడగలేదు. నాలుగు చీరలు తీశాడు, ఒకటి తీసుకున్నాను, బిల్లయింది, బయటపడ్డాను. మొత్తం ఇరవై నిమిషాలు. పోయేటప్పుడు పళ్లన్నీ కనిపించేలా నవ్వి, "థాంక్యూ మేడం, మళ్ళీ రండి" అన్నాడు. ఫారంలో అన్నిటికీ అవును. నిండు మార్కులు.

ఆ రోజునుంచి నాకు దారి దొరికింది. దినాలంటే ఎవరో ఒకరు పోవాలి. ఎవరు పోవాలన్నది ఆలోచించడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

మా పెద్దబావ, అంటే మా అక్క మొగుడు, కందుకూరులో ఉంటాడు. అప్పటికి డెబ్బై దాటాయి, రాయిలా ఉండేవాడు. ఆయన మెచ్చిన పదార్థం ఈ భూమ్మీద లేదు. నా పెళ్లిలో మటన్ తిని, "బొక్కలు మంచిగున్నయి, కూర ఏమైంది?" అన్నాడు. కొత్త ఇల్లు కడితే తలుపులు చూసి, కొత్త మనవడు పుడితే ముక్కు చూసి వంక పెట్టాడు. పిల్లలు ఆయన వస్తున్నాడంటే మేడెక్కేవాళ్లు. మరదలిని కాబట్టి నాకు ఆయనను ఏమైనా అనే హక్కు ఉంది. చంపే హక్కు కూడా ఉందనుకున్నాను. పుట్టింటి తరఫున అక్కకు చీర పెట్టాలి, బావ పోయాడు, తొందరగా చూపించండి. అంతే కథ. బడంగ్‌పేట్ నుంచి సాగర్ రోడ్డు పొడుగునా ఆయన పోతూనే ఉన్నాడు, నేను కొంటూనే ఉన్నాను, వారం తిరిగేసరికి వాపసు ఇస్తూనే ఉన్నాను. ఎక్కడా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అందరూ నవ్వారు, అందరూ మళ్ళీ రమ్మన్నారు.

అలా తిరుగుతూ ఇబ్రహీంపట్నం బ్రాంచికి పోయాను.

అక్కడ చీరల కౌంటర్‌లో ఒకామె ఉంది. నలభై దాటి ఉంటాయి, అయినా ఆ ఉద్యోగం పేరు సేల్స్ గర్లే. నన్ను చూసి నవ్వుతూనే ఎదురొచ్చింది. దినాలకని చెప్పగానే ఆ నవ్వు దీపం తగ్గించినట్టు తగ్గిపోయింది.

"అయ్యో. ఎవలక్కా?"

"మా బావ. అక్క మొగడు."

ఆమె వెంటనే చీరలు తీయలేదు. కుర్చీ జరిపి, తన సొంత సీసాలోంచి నీళ్లు తెచ్చిచ్చి, కౌంటర్ దాటి వచ్చి నా పక్కన ఉన్న స్టూలు మీద కూర్చుంది. కూర్చోవడం వాళ్లకు నిషేధం. నేను ఒక ముడి వేశాను.

"మంచోడా అక్కా?"

ఇన్ని షాపుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మంచోడే," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆమె అట్లా చూస్తూ కూర్చుంటే, మా బావ ప్రతి వానాకాలం మా ఇంటికి అడగకుండానే కందుల బస్తా పంపేవాడని చెప్పాను. అది నిజమే. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది, ఇంతకాలం ఆ కందుల్లో పుచ్చులున్నాయని ఆయనే చెప్పిన మాట తప్ప ఆ బస్తా నాకు గుర్తే లేదు.

ఆమె లేచి లేత రంగు కాటన్ చీర ఒకటి తెచ్చింది, సన్నటి అంచుది. ఫారం ప్రకారం నేను ఖరీదైనవి చూపించమని అడగాలి. అడిగాను.

"ఒద్దక్కా. పట్టుది వెడితే పెట్టెల మూల్గుతది. గిదైతే మీ అక్క దినాం కట్టుకుంటది. పుట్టింటోల్లు యాదికుంటరు," అంది. ఖరీదైనది చూపించలేదు, ఇంకో ముడి. పాయింట్ల కార్డు కోసం ఫోన్ నంబరు అడగలేదు. "దినాల బట్టల మీద పాయింట్లేంది, మంచిగనిపియ్యదు" అంది. ముడి. మడతపెడుతూ ఆఫర్ స్టిక్కరు పీకేసింది. ముడి. "ఒక్క మాట. గివి వాపస్ తేకు అక్కా. గడప దాటిన దినాల బట్ట మళ్ల రావద్దు" అంది. కంపెనీ వాపసు పద్ధతి ఏడు రోజులు. మళ్లీ ముడి. చివరికి ఏదో జ్ఞాపకం వచ్చినట్టు లోపలికి పోయి ఒక తువ్వాల తెచ్చింది. "బావకు గూడ ఒకటి వెట్టుండ్రి, పటం ముంగట."

అదనపు వస్తువు చూపించారా అన్న ఒక్క ప్రశ్నకు ఆమెకు మార్కు వచ్చింది.

నా కొంగు చివర చూసి ఆమె ఆగింది. "మొక్కుకున్నవా అక్కా?" అంది. నేను తలూపాను. "తీరుతది తీయ్," అని భుజం తట్టింది. మెట్ల దాకా వచ్చింది కానీ 'మళ్ళీ రండి' అనలేదు. చావు ఇంటినుంచి లేచేవాళ్లు 'పోయొస్తా' అనరు చూశారా, ఆ వరసలో మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది, నేను మెట్లు దిగేదాకా.

ఇదంతా చూసి నాకేమీ తోచలేదా అని మీరడగవచ్చు. తోచలేదు. బస్సులో సీటు దొరికింది, ముడులు విప్పాను, ఏడు తప్పులు నింపాను. నవ్వారా? లేదు. మళ్ళీ రండి అన్నారా? లేదు. ఏ సందర్భమని చెప్పి కొన్నారో రాయడానికి ఫారంలో గడి లేదు, శుభకార్యమని వాళ్లే రాసిచ్చారు కదా. తుర్కయంజాల్ దాటకముందే పంపేశాను. పనిమంతురాలినని మరొకసారి మురిసిపోయాను.

రెండు నెలల తర్వాత సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. ఆమె నగరంలో ఆఫీసులో కూర్చునే చిన్నపిల్ల, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది. "మేడం, ఇబ్రహీంపట్నం మళ్ళీ చేయాలి. మాస్టారు పోవాల్సింది, ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. మీరే వెళ్లండి. ఈసారి ఫోన్‌లో రికార్డింగ్ తప్పనిసరి. ఆ సేల్స్ గర్ల్ మీద కంపెనీ సీరియస్‌గా ఉంది. రెండోసారి కూడా అట్లాగే వస్తే తీసేస్తారట."

తీసేస్తారన్న మాట కొంచెం గుచ్చుకుంది. అయినా సర్దుకున్నాను. ఈసారి పద్ధతి ప్రకారం కూతురి పెళ్లి అంటాను, ఆమె నవ్వుతుంది, మార్కులు వేస్తాను, అందరం చల్లగా ఉంటాం. నన్ను గుర్తుపట్టే ప్రసక్తే లేదు. పద్దెనిమిదేళ్లు ఆ కౌంటర్ వెనక ఉన్నదాన్ని నేను, ఎన్ని మొహాలు గుర్తుపెట్టుకున్నాను గనక!

సంచిలో ఫోను రికార్డింగ్‌లో పెట్టి మెట్లెక్కాను. ఆమె దూరంనుంచే చూసి గబగబా వచ్చింది.

"అక్కా! దినాలు మంచిగైనయా? మీ అక్క ఎట్లున్నది, అన్నం తింటున్నదా?"

నన్ను ఎవరూ గుర్తుపెట్టుకోరన్న గర్వం అక్కడే మెట్ల మీద పడిపోయింది. తినడానికేం, ముందురోజే మా అక్క ఫోన్‌లో బావను గంటసేపు తిట్టింది. "ఆఁ, తింటున్నది," అన్నాను.

"ఇయ్యాల దేనికొచ్చినవ్?"

పెళ్లికి అనాలి. నోట్లో ఆ మాటే సిద్ధంగా పెట్టుకున్నాను. కానీ ఏడాదిగా చీరల కౌంటర్ ముందు నిలబడితే నా నోరు ఒక్కటే మాట ఎరుగును.

"దినాలకు," అన్నాను.

"మళ్లెవలు?"

"బావ."

"బావ అప్పుడే పాయె గద అక్కా?"

"చిన్నబావ," అన్నాను. మా నాన్నకు మేమిద్దరమే ఆడపిల్లలం.

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. "ఒక్క ఇంట్ల రెండా," అని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. తర్వాత ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచింది, పైనున్న కెమెరా వైపు చూసింది. మొహం మీదికి నవ్వు తెచ్చుకోబోయింది. పెదాలు కదిలాయి కానీ నవ్వు రాలేదు. నాకు ఆ మొహం ఇవాళ్టికీ మరుపు రాదు.

"అక్కా, ఏమనుకోకు. నీకో మాట చెప్త," అంది గొంతు తగ్గించి. "మొన్న ఎవలో గిరాకీ లెక్క వచ్చి, నేను నవ్వనని రాసిచ్చిండ్రట. సిటీకి పిలిచి నాలుగు దినాలు అద్దం ముంగట నిలవెట్టి నవ్వుడు నేర్పిండ్రు. ఇంకొక్కసారి గట్లొస్తే ఇంటికి పొమ్మన్నరు. ఈడ ఊడ్సేదానిగ చేరిన అక్కా నేను. ఈ కౌంటర్ల నిలవడనీకి ఆరేండ్లు పట్టింది. గిరాకీ వస్తే నవ్వుతా, ఎందుకు నవ్వ? కని నీ ముంగట ఎట్ల నవ్వాలె చెప్పు."

సంచిలో ఫోను ఇదంతా శ్రద్ధగా వింటోంది. తువ్వాల, చీర ఏవి ఇస్తే అవి తీసుకున్నాను. ఎట్లాగైనా సరే ఆమె చేత ఆ చివరి మాట పలికించాలి. నవ్వు రికార్డు కాదు, మాట అవుతుంది కదా. మెట్ల దగ్గర నిలబడిపోయాను.

"నువ్వు నాకు ఏమో చెప్పాలె గద?"

"ఏం చెప్పాలె అక్కా?"

"పోయేటప్పుడు అంటరు గద, మళ్ల రమ్మని. అను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "థూ, నోరు కడుక్కో అక్కా! గీ పనికి మళ్ల రమ్మంటరా ఎవలన్న?"

"ఊకె అను. ఏం కాదు."

"కాదంటున్న గద."

"అనకపోతే నిన్ను తీసేస్తరే పిల్లా," అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

"తీసేస్తే తీసేయనీ. ఊడ్సుకుని బతుకుత. గా మాట నా నోట్లకెల్లి రాదు. నువ్వు గీ పనికి మళ్ల రావద్దు, మీ ఇంట్ల మంచి జరగాలె. పో అక్కా, ఎనకకు చూడకుంట పో."

వెనక్కి చూడకుండానే పోయాను. చూసే మొహం లేదు నాకు.

బస్టాండులో బల్ల మీద కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. ఆ రికార్డింగు పంపితే, నేను శుభకార్యం బదులు చావు కథ చెబుతున్నానని ఆఫీసుకు తెలిసిపోతుంది. ఏడాది రిపోర్టులన్నీ బయటపడతాయి, నా పని పోతుంది. పంపకుండా ఫోను చెడిపోయిందని రాస్తే మొదటి రిపోర్టు అట్లాగే నిలబడుతుంది, రికార్డింగు లేని మంచి మార్కులు ఎవరూ నమ్మరు, ఆమె పని పోతుంది. డ్రాయింగ్ మాస్టరుకు ఫోన్ చేశాను. కంటికి పట్టీ వేసుకుని పడుకుని ఉన్నాడు, ఆయనకు కాలక్షేపం కావాలి. మొత్తం విన్నాడు.

"ఫోను చెడిపోయిందని రాయి," అన్నాడు. "మీ బావను అన్నిసార్లు సంపినదానివి, ఒక ఫోన్‌ను సంపుడు ఎంత పని నీకు?"

తిట్టాడని అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. పెట్టేశాను. రికార్డింగు పంపాను. దానికింద అన్ని షాపుల్లోనూ, అక్కడ మొదటిసారి కూడా, ఇదే కథ చెప్పానని, ఏడు తప్పులూ నావేనని, ఆమెవి కావని టైపు చేశాను. పద్దెనిమిదేళ్లు కౌంటర్ వెనక నిలబడి, దినాలకని వచ్చినవాళ్ల ముందు నేనెన్నడైనా నవ్వానా? అది గుర్తు రావడానికి ఇంతకాలం పట్టింది. సిగ్గేసింది. అది కూడా రాశాను. ఆ సాయంత్రం నా రిపోర్టు ఆలస్యమైంది, జీవితంలో మొదటిసారి.

మర్నాడు సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. మొదటిసారి ఆ పిల్ల ఊపిరి తీసుకుని మాట్లాడింది.

"మేడం, మీ పేరు తీసేయాల్సి వస్తోంది."

"తీసేయ్ బిడ్డా. ఆమె సంగతి?"

"రెండు రిపోర్టులూ రద్దు చేశాం. రిపోర్టే లేనప్పుడు ఆమెను ఎట్లా తీస్తారు?" అంది. "మిగతా షాపులవి కూడా తీసి చూశాను మేడం. చావు బట్టలు కొన్న మీకు అంతమంది నవ్వుతూ మళ్ళీ రండి అన్నారా?"

"అన్నరు."

"వాళ్లలో ఇద్దరికి మేం బహుమానం ఇచ్చాం," అంది. ఇద్దరం నవ్వాలో వద్దో తెలియక ఫోన్ పెట్టేశాం.

అట్లా నేను రిటైరయ్యాను. పూలదండ లేదు, టీ లేదు. యాప్‌లో నా పేరు పోయింది.

నెల తర్వాత కందుకూరులో మా అక్క ఇంట్లో భోజనాల దగ్గర మా ఆయన నోరు జారాడు. అంతా చెప్పక తప్పలేదు. మా అక్క గరిటె పట్టుకుని లేచింది. "నా బొట్టు పధ్నాలుగు సార్లు తుడిసినవా, నీ దినాలు గాను!" అని వాకిట్లోకి తరిమింది. బావ మాత్రం కదల్లేదు. పప్పులో ఉప్పు గురించి అప్పటిదాకా మాట్లాడుతున్నవాడు, అది కూడా ఆపేశాడు. అక్క చల్లారి నేను లోపలికి వచ్చాక అడిగాడు.

"పధ్నాలుగు తాపల?"

"అవ్ బావా."

"ఎవలన్న ఏడ్సిండ్రా?"

"ఒకామె," అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. "గామెను జూపియ్యి."

మొదటిసారి కొన్న చీర, తువ్వాల ఇంకా నా బీరువాలోనే ఉండిపోయాయి, వాపసు తేవద్దని ఆమె అంది కదా. ఆ చీర మా అక్క ముట్టనన్నది. ముందు మా ఇంటికి పోయాం, ఎవరికీ ఇవ్వలేక ఆ చీర నేనే కట్టుకున్నాను. మా ఆయన ఇంకా లక్షణంగానే ఉన్నాడు. తువ్వాల బావ తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూసి, "గింత పల్చగనా?" అన్నాడు. దాన్నే భుజాన వేసుకున్నాడు.

ఆటోలో ఇబ్రహీంపట్నం చేరాం. మెట్లెక్కాం. ఆమె కౌంటర్‌లోనే ఉంది. నన్ను చూడగానే మొహం వాడిపోయింది.

"మళ్లానా అక్కా?"

"లేదు. గీయన మా పెద్దబావ," అన్నాను.

ఆమె ఆయన వైపు చూసింది. భుజం మీది తువ్వాల చూసింది. నా ఒంటి మీది చీర చూసింది. తాను చేతులారా మడతపెట్టిన బట్టలు కదా, ఎట్లా మరిచిపోతుంది!

"సచ్చింది నేనే," అన్నాడు బావ. "నా కోసం రంది వడి ఏడ్సింది నువ్వేనా బిడ్డా?"

ఆమె నా వైపు తిరిగింది. "అంటే, నేను నవ్వలేదని రాసింది నువ్వేనా?"

"నేనే."

"నిన్ను చూసి రెండు దినాలు అన్నం తినలే నేను."

క్షమించమని అడగాలని వచ్చాను. ఇన్ని కథలు అల్లిన నోరు ఒక్క నిజం మాట దగ్గర మూగబోయింది. ఆమె నాకు కుర్చీ వేయలేదు. బావకు వేసింది. తన సీసాలోంచి నీళ్లు ఇచ్చింది. ఆయన తాగి, తువ్వాల అంచు వేళ్లతో నలిపి, ఇక ఆపుకోలేకపోయాడు.

"అన్ని మంచిగనే జేసినవ్ గని బిడ్డా, గింత పల్చటిది వెట్టినవేంది నాకు?"

"సచ్చినోనికి మందంది ఎందుకు బాపూ?" అంది ఆమె.

బావ ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. మా బావ అట్లా పొట్ట పట్టుకుని నవ్వడం నేను చూడలేదు, మా అక్క కూడా చూసి ఉండదు. ఆమె కూడా నవ్వింది. పైన కెమెరా ఉందో లేదో చూడలేదు. ఆయనకు మందపాటి తువ్వాల ఒకటి తీసి చూపించింది, ఆయన దాన్ని తిరగేసి మరగేసి, తప్పేమీ దొరకక తీసుకున్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. అలవాటు కొద్దీ నా చెయ్యి కొంగు చివరికి పోయింది. ముడి వేయడానికి ఏమీ దొరకలేదు. ఆమె నా వైపు చూడలేదు.

"గీమెను తోల్కరాకు," అంది ఆయనతో. "నువ్వైతే మళ్ల రా బాపూ."